రాయల్ నేషనల్ పార్క్‌లో నడక, ఈత: అమ్మానాన్నలతో ఏ మడుగుకి వెళ్ళొచ్చు?

వెస్ట్‌మీడ్ వాసు · మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక అమ్మా నాన్నా తెనాలి నుంచి సిడ్నీ వచ్చారు. ఆపెరా హౌస్ అయింది, త్రీ సిస్టర్స్ కొండల ముందు ఫొటో అయింది, పోయిన ఆదివారం హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడి కూడా అయింది. గుడి నుంచి వస్తుంటే నాన్న కారు అద్దంలోంచి చూసి "ఈ అడవేంట్రా, ఎంతకీ అయిపోదు" అన్నారు. రాయల్ నేషనల్ పార్క్ అని చెప్పా. వెంటనే "అందులో ఏరుందా?" అని అడిగారు.

నాన్నకి 64. కాలవలో ఈదుతూ పెరిగిన మనిషి. మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఒక్క మునక వేసి, క్లోరిన్ వాసనకి ముక్కు మూసుకుని బయటికొచ్చేశారు. అమ్మకి ఈత రాదు, కుడి మోకాలు నొప్పి. పాపకి ఎనిమిదేళ్ళు, స్విమ్మింగ్ క్లాసులకి వెళ్తోంది.

ఈ శనివారం ఫిగర్ ఎయిట్ పూల్స్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇన్‌స్టాలో భలే ఉంది. వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి.

గోదారి గట్టు · మంగళవారం, రాత్రి 9:40

వాసు గారూ, ఆ ఇన్‌స్టా ఫొటో తీసినవాళ్ళు దాని వెనకే ఉన్న సముద్రాన్ని ఫ్రేములోంచి తీసేస్తారు. అది ఏరు కాదు, మడుగు కాదు. సముద్రపు ఒడ్డున బల్లపరుపు రాతి మీద పడిన గుంటలు. పోటు తక్కువగా ఉన్నప్పుడే వెళ్ళగలం. పోటు తగ్గినా సరే, ఉన్నట్టుండి ఓ పెద్ద అల వచ్చి రాతి మీద నిలబడ్డవాళ్ళందర్నీ ఈడ్చుకుపోతుంది. ఒళ్ళంతా గీరుకుపోయి హెలికాప్టర్లో వెళ్ళినవాళ్ళున్నారు. అందుకే ఆ ఒక్క చోటు కోసం పార్కువాళ్ళు అలల ప్రమాదం ఎంతుందో విడిగా సూచన పెడతారు. పైగా గారావారా ఫామ్ కార్ పార్క్ నుంచి రానూపోనూ ఆరు కిలోమీటర్లు, చివర్లో బండల మీద నడక. మీ అమ్మగారి మోకాలికి అది అస్సలు కుదరదు.

వాటమొల్లా వెళ్ళండి. కారు దిగి నాలుగడుగులు వేస్తే లగూను, అంటే సముద్రం పక్కనే నిలిచిన మడుగు. పాపకి ఒడ్డున లోతు తక్కువ ఇసుక, నాన్నగారికి ఈదేంత నీళ్ళు, అమ్మగారికి చెట్టు నీడ.

కారంపొడి · మంగళవారం, రాత్రి 10:05

గట్టు అన్న చెప్పింది కరెక్టే. ఫిగర్ ఎయిట్ ముచ్చట ఇడిచిపెట్టు.

కాని మీ నాయిన అడిగింది ఏరు గద. వాటమొల్లా మంచిగనే ఉంటది, కాని ఎండకాలం శనివారం పోతే అది ఏరు కాదు, జాతర. కార్ పార్క్ నిండితే గేటు కాడనే ఆపేస్తరు. నేనైతే కార్లూ పూల్ అంట. హీత్‌కోట్ స్టేషన్ల దిగి, తూర్పు దిక్కు నుంచి బాట పట్టుకుంటే ఒక దిక్కు మూడు కిలోమీటర్ల లోపే. కంగారూ క్రీక్ మీద మడుగు. సుట్టూ ఇసుకరాయి బండలు, నడుమ ఆకుపచ్చ నీళ్ళు. కారు అక్కర లేదు, పార్కింగ్ పైసలు లేవు.

సోమరిపోతు · మంగళవారం, రాత్రి 10:11

నా అనుభవంలో అన్నిటికన్నా క్షేమమైన మడుగు మా ఇంట్లో బాత్‌టబ్. పార్కింగ్ ఉచితం.

నీటిగండం · మంగళవారం, రాత్రి 11:30

కార్లూ పేరు కనిపించగానే లాగిన్ అయ్యా. నా పేరు ఇలా ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తా.

కొత్తగా వచ్చిన ఏడు, బాక్సింగ్ డే మర్నాడు నలుగురం బయల్దేరాం. ఎండ 38 దాకా పోతుందని ఫోన్ చెప్తూనే ఉంది. మూడు కిలోమీటర్లే కదా అని తలా ఒక 600 మిల్లీల బాటిలు పట్టుకెళ్ళాం. నా కాళ్ళకి రబ్బరు చెప్పులు. పోయేటప్పుడు పాటలు పాడుకుంటూ పోయాం. చివర్లో దారి బండల మధ్య నుంచి నిటారుగా దిగుతుంది. అక్కడే ఎడమ చెప్పు ఉంగటం ఊడింది. సరేలే అని చేత్తో పట్టుకుని దిగా.

నీళ్ళు అద్భుతం, అందులో మాటే లేదు. మూడింటిదాకా అందులోనే ఉన్నాం. తిరుగు ప్రయాణంలోగానీ తత్వం బోధపడలేదు. మనకి అలవాటైంది కొండ ఎక్కి దిగడం. ఇక్కడ దిగి ఎక్కాలి. అలిసిపోయాక, నీళ్ళు అయిపోయాక, ఎండ నెత్తిన ఉండగా ఎక్కుడు మొదలవుతుంది. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి టవలు చుట్టుకున్నా. కాసేపటికి పిక్కలు పట్టేశాయి, చెమట ఆగిపోయింది, చలేస్తోంది అన్నానట. ఫోన్లో సిగ్నల్ లేదు. అటుగా వస్తున్న ఓ ముసలి జంట (నిజంగానే ముసలివాళ్ళు, డెబ్బై దాటినవాళ్ళు) నన్ను నీడలో కూర్చోబెట్టి, నెత్తిన నీళ్ళు పోసి, వాళ్ళ బాటిల్లోవి గుక్కగుక్కగా తాగించి, జేబులోంచి నాలుగు జెల్లీ బిళ్ళలు తీసిచ్చారు. ఆవిడ నా కాలు చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ సిగ్గేసింది.

కళ్ళజోడు ఇంకా ఆ మడుగు అడుగునే ఉంది. ఎవరికైనా దొరికితే చెప్పండి.

చిత్తూరు చిన్నమ్మ · బుధవారం, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి చదువుతా ఉండా. నీటిగండం నాయనా, చెమట ఆగిపోయి చలేసిందంటే అది అలుపు కాదు, ఎండదెబ్బ. ఆ ముసలోళ్ళు నిన్ను బతికించినారు.

వాసూ, నేను ఇక్కడ నర్సుని కాబట్టి రెండు ముక్కలు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు, ఎండగా ఉంటే మూడు. పెద్దాయన బీపీ మాత్రలు వేసుకుంటా ఉంటే పొద్దున్నే పోయి పదకొండుకల్లా పైకి ఎక్కేసేయండి.

పాముల సంగతి ఎవురూ చెప్పలా. ఎర్రకడుపు నల్లపాము ఏటి ఒడ్డునే తిరుగుతుంది. దాని జోలికి పోకుంటే అది మన జోలికి రాదు. ఒకవేళ కాటేస్తే మన ఊర్లో మాదిరి కోయడాలు, పీల్చడాలు, తాడు బిగించి కట్టడాలు వద్దు. కడగను కూడా కడగొద్దు. చర్మం మీద మిగిలిన విషాన్ని బట్టే ఏ పామో ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు. సాగే క్రేప్ బ్యాండేజీ తీసుకుని కాటు మీద మొదలుపెట్టి కాలంతా గట్టిగా చుట్టి, కర్రతో కదలకుండా కట్టి, మనిషిని అక్కడే పండబెట్టాల. నడిపించినారంటే విషాన్ని మీరే పైకి తోసినట్టు. ఫోను సున్నా సున్నా సున్నా. బ్యాండేజీ బ్యాగు అడుగున కాదు, పై జేబులో పెట్టుకోండి.

వెస్ట్‌మీడ్ వాసు · బుధవారం, ఉదయం 8:02

అక్కా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించడం నేను చేసిన పెద్ద తప్పు. ఇప్పుడు నేను రానంటోంది.

చిత్తూరు చిన్నమ్మ · బుధవారం, ఉదయం 8:10

అయ్యో! అమ్మకి చెప్పు, నేను పన్నెండేళ్ళుగా ఆ పార్కులో నడస్తా ఉండా, పాముని రెండే సార్లు చూసినా. రెండు సార్లూ అదే పారిపోయింది. జలగలు మాత్రం వాన పడినాక తప్పవు. ఉప్పు పొట్లం చాలు. గోమారి కరిచిందంటే వేళ్ళతో నలిపి పీకొద్దు, మందుల షాపులో దాన్ని గడ్డకట్టించే స్ప్రే అమ్ముతారు.

ఎమ్మెస్ మధు · బుధవారం, మధ్యాహ్నం 1:15

అందరూ భయపెట్టేస్తున్నారు. మేం పోయిన నెల వాటమొల్లా వెళ్ళాం, అక్కడ జలపాతం పక్కన గట్టు మీంచి దూకుతుంటే వచ్చే కిక్కే వేరు. బోర్డులో వద్దని రాసుంది కానీ అందరూ దూకుతున్నారు, ఎవరికీ ఏం కాలేదు. వాసు అన్నా, మీ నాన్నగారు కాలవ మనిషంటున్నారుగా, ఎంజాయ్ చేస్తారు.

గోదారి గట్టు · బుధవారం, మధ్యాహ్నం 1:48

మధూ, నువ్వు మా అబ్బాయి వయసువాడివి కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

"అందరూ దూకుతున్నారు" అన్నది నువ్వు చూసిన గంటసేపు మాట. ఆ లగూను అడుగు ఇసుక. వాన వస్తే వాగు తోస్తుంది, తుపాను వస్తే సముద్రం తోస్తుంది. పోయిన నెల మనిషి లోతున్న చోట ఈ నెల నడుము లోతే ఉండొచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒకే రంగు. అక్కడ వెన్ను విరిగినవాళ్ళు ఈతరానివాళ్ళు కారు, బాగా ఈత వచ్చినవాళ్ళే. కంచె, బోర్డు, జరిమానా ఊరికే పెట్టలేదు.

నేను ఈత నేర్చింది దిగుడు బావిలో, నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని. మా పెద్దనాన్న ఒక్కటే నియమం పెట్టాడు. ఎండాకాలం మొదటి రోజు ఎంత పోటుగాడైనా మెట్ల మీంచి దిగాలి, కాలితో అడుగు చూడాలి, ఆ తర్వాతే గట్టెక్కి దూకాలి. నిరుడు దూకిన బావే అయినా సరే. వాసు గారి నాన్నగారిని అడుగు, ఆయనా ఇదే చెప్తారు.

కారంపొడి · బుధవారం, మధ్యాహ్నం 2:20

మాది ఆదిలాబాద్ దిక్కు. కుంటాల జలపాతం కాడ నీళ్ళు పైకి సప్పుడు లేకుంట ఉంటయి, కింద సుడి ఉంటది, బండలు నాచు పట్టి జారుతయి. ఎంతమంది చదువుకున్న పిల్లలు పోయిన్రో. జలపాతం కింద ఈత గీత జాన్తా నై అని మా అవ్వ చిన్నప్పటి సంది చెప్పేది. మధు తమ్మీ, ఫొటోలు దించుకో, దుంకకు.

ఎమ్మెస్ మధు · బుధవారం, మధ్యాహ్నం 2:41

సరే సరే. ఒక్క మాటంటే ఇద్దరూ మీద పడ్డారు. నేను చెప్పింది మామూలుగా సేఫ్‌గానే ఉంటుందని.

సోమరిపోతు · బుధవారం, మధ్యాహ్నం 2:44

బాత్‌టబ్ ప్రతిపాదన ఇంకా అమల్లోనే ఉందని గుర్తుచేస్తున్నా.

వెస్ట్‌మీడ్ వాసు · బుధవారం, రాత్రి 8:30

నాన్నకి గట్టు గారి పోస్టు చూపించా. "ఎవరీయన, నంబరు అడుగు" అన్నారు. సొరకాయ బుర్రలు కాదు, మా వైపు మునగ బెండు కట్టేవాళ్ళమని చెప్పమన్నారు.

ప్లాన్ మార్చాం. ఈ శనివారం అందరం వాటమొల్లా, పొద్దున ఎనిమిదికల్లా. తర్వాతి వారం నాన్నా నేనూ కార్లూ. వాటమొల్లాకి ఎంట్రీ ఎలా? పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళొచ్చా? చిన్న గ్యాస్ స్టవ్ పెట్టి టీ కాచుకోవచ్చా?

గోదారి గట్టు · బుధవారం, రాత్రి 9:05

నా నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపించాను. మునగ బెండు నీళ్ళు పీల్చుకుంటుందని చెప్పండి. సొరబుర్రే మేలు.

కారుకి రోజుకి 12 డాలర్లు. ఆడ్లీ మీదుగా వెళ్ళే దారిలో వియర్ (చిన్న ఆనకట్ట) దాటాలి. గట్టి వాన పడితే నీళ్ళు దాని మీంచి పొర్లి రోడ్డు మూసేస్తారు, అప్పుడు చుట్టూ తిరిగి వాటర్‌ఫాల్ అనే ఊరి వైపు నుంచి రావాలి. వాన పడిన రెండు మూడు రోజుల దాకా ఏ మడుగులోనూ దిగకండి, ఊళ్ళ మురికంతా కొట్టుకొస్తుంది. స్టవ్ సంగతి: టోటల్ ఫైర్ బ్యాన్ (బయట మంట పెట్టకూడదన్న ఆంక్ష) ఉన్న రోజు గ్యాస్ స్టవ్ కూడా నిషేధమే. 1994 జనవరి మంటల్లో ఈ పార్కు తొంభై శాతం పైగా కాలిపోయింది. ఇక్కడివాళ్ళు ఆ సంగతి మర్చిపోలేదు. టీ ఫ్లాస్కులో పోసుకెళ్ళండి.

సముద్రం వైపు బీచ్‌లో మాత్రం పాపని దింపకండి. అక్కడ కాపలా లైఫ్‌సేవర్లు ఉండరు, ఎరుపు పసుపు జెండాలుండవు.

ఇంకో ముక్క, నాన్నగారికి ఇష్టమైతే చెప్పండి. ఈ పార్కు 1879 నాటిది. అప్పట్లో ఉత్త "నేషనల్ పార్క్". 1954లో ఎలిజబెత్ రాణిగారు రైల్లో ఆ పక్కగా వెళ్ళారని మరుసటేడు రాయల్ అని తగిలించారు. ఇక్కడి ఆదివాసులు ధరావల్ జనం ఆ మడుగుల్లో ఎన్ని వేల ఏళ్ళుగా ఈదుతున్నారో, వాళ్ళకి రాయల్ ఏంటి!

వెస్ట్‌మీడ్ వాసు · ఆదివారం, ఉదయం 10:15

వాటమొల్లా రిపోర్టు. ఏడుంపావుకి చేరాం, కార్ పార్క్ ఖాళీ. పదిన్నరకి చూస్తే కార్లు గుండ్రంగా తిరుగుతున్నాయి.

అమ్మ లగూను ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో రెండు గంటలు కూర్చుంది. లేవనంది. పాప అరచేతుల్తో అమ్మమీద నీళ్ళు చల్లుతుంటే "గోదారి పుష్కరాల్లో కూడా ఇంత ప్రశాంతంగా మునగలేదు" అంది. పులిహోర డబ్బా మూత తీసిన అర నిమిషంలో ఒక ఉడుము వచ్చింది. మనిషి కాలంత పొడుగు. నాలుక జాపుతూ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. అమ్మ బల్లెక్కింది. మోకాలి నొప్పి ఆ క్షణంలో ఏమైందో తెలీదు. పక్క బల్ల వాళ్ళ బ్రెడ్డు కాకటూ చిలుక ఎత్తుకుపోయింది, మా డబ్బా మాత్రం దక్కింది.

కుర్రాళ్ళు గట్టు మీంచి దూకుతూనే ఉన్నారు. నాన్న చాలాసేపు చూశారు. తర్వాత మెల్లిగా ఈదుకుంటూ వాళ్ళు పడుతున్న చోటికి పోయి, నిలబడ్డారు. నిలబడ్డారంటే నిజంగానే, కాళ్ళు నేలకానించి. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. చెయ్యెత్తి పైనున్న కుర్రాళ్ళకి చూపించారు. వాళ్ళు చేతులూపి మళ్ళీ దూకారు, కాస్త పక్కకి జరిగి.

ఎమ్మెస్ మధు · ఆదివారం, ఉదయం 11:02

ఛాతీ దాకానా? మేం దూకిన చోటేనా అది? జలపాతానికి కుడి వైపా, ఎడమ వైపా?

వెస్ట్‌మీడ్ వాసు · ఆదివారం, ఉదయం 11:20

కుడి వైపు, ఒడ్డు నుంచి చూస్తే.

ఎమ్మెస్ మధు · ఆదివారం, ఉదయం 11:21

సరే అన్నా.

కారంపొడి · గురువారం, రాత్రి 9:30

వాసు, శనివారం కార్లూ పోతున్నవా? ట్రిప్‌వ్యూ యాప్ల రైళ్ళ టైము చూసుకో, ఈ లైన్ల వీకెండ్ ట్రాక్‌వర్క్ (పట్టాల పని) పెట్టి రైళ్ళకు బదులు బస్సులేస్తరు మాటిమాటికి. షూస్ ఏసుకో, చెప్పులొద్దు (నీటిగండం అన్నకు దండం). ఫోన్ల మ్యాప్ ముందుగాల్నే దించి పెట్టుకో. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ కూడా ఏసుకో, నువ్వు యాడ ఉన్నవో అది సూపిస్తది.

వెస్ట్‌మీడ్ వాసు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

కార్లూ వెళ్ళొచ్చాం. ట్రాక్‌వర్క్ లేదు, అదృష్టం. ఏడున్నరకి హీత్‌కోట్‌లో దిగాం. మనిషికి రెండున్నర లీటర్లు, బ్యాండేజీ పై జేబులో, ఉప్పు పొట్లం నాన్న చొక్కా జేబులో.

దారి మొదట్లో ఇసుక నేల, పల్చని అడవి. నాన్నకి ఒక తెల్ల చెట్టు దగ్గర పావుగంట పట్టింది. స్క్రిబ్లీ గమ్ అట. నున్నటి బెరడు మీద ఎవరో గోధుమరంగు పెన్నుతో వంకరటింకరగా రాసినట్టు గీతలు. ఒక చిమ్మటపురుగు పిల్ల బెరడు కింద తొలుచుకుంటూ పోయి, కాస్త దూరంలో మళ్ళీ వెనక్కి తిరిగి అదే దారి పక్కనే వస్తుందట. పైపొర రాలాక ఆ దారి బయటపడుతుంది. నాన్న కళ్ళజోడు పైకెత్తి, వేలు పెట్టి గీత మొదలు నుంచి చివరిదాకా నడిపించారు. "బ్రహ్మరాత ఇలాగే ఉంటుందేమో, రాసినవాడికి కూడా చదవడం రాదు" అన్నారు.

చివరి దిగుడు నీటిగండం గారు చెప్పినంతా ఉంది. నాన్న ఓ చోట బండ మీద కూర్చుని జరుక్కుంటూ దిగారు. కింద మడుగు దగ్గర మా కన్నా ముందు ఒక్కడే ఉన్నాడు: వాటర్ డ్రాగన్, బండ మీద తల ఎత్తుకుని, మన తొండకి తాతలా.

నీళ్ళు దూరం నుంచి ఆకుపచ్చే, దోసిట్లోకి తీసుకుంటే పల్చని డికాక్షన్. ఆకుల ఊటట. నాన్న ఒడ్డున చొక్కా మడతపెట్టి, దాని మీద వాచీ పెట్టి, మెల్లిగా కాలితో తడుముకుంటూ దిగారు. నడుము దాకా వచ్చాక ఒక్కసారి "హా" అన్నారు, చల్లదనానికి. ఆ తర్వాత వెల్లకిలా తేలారు. చెవులు నీళ్ళలో, కళ్ళు మూసుకుని, కాళ్ళు కదపకుండా. నాకు ఆయన ఈత తెలుసు, తేలడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. పిలుద్దామనిపించి పిలవలేదు.

పదిన్నరకి లేపి ఎక్కించా. సగం దారిలో ఆగి నీళ్ళు తాగారు. నాకన్నా తక్కువ ఆయాసం.

నీటిగండం గారూ, నాన్న కాలికి అడుగున కళ్ళద్దాలు తగిలాయి! కాకపోతే చలువ కళ్ళద్దాలు, ఒక అద్దం లేదు. మీవేనా?

నీటిగండం · ఆదివారం, మధ్యాహ్నం 1:05

నావి మైనస్ నాలుగు, నల్ల ఫ్రేము. అయినా వెతికారు చూడండి, అది చాలు. నాన్నగారికి నమస్కారాలు.

చిత్తూరు చిన్నమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 2:30

గోమారి ఏమైనా పట్టుకుందేమో ఇద్దరూ చెవుల వెనక, చంకల్లో, నడుము కాడ చూసుకున్నారా? ఇప్పుడు చూసుకోండి.

వెస్ట్‌మీడ్ వాసు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

చూసుకున్నాం అక్కా, ఏం లేవు.

ఇంకో సమస్య. నాన్న మ్యాపులో చూసేశారు. ఆ బాట కార్లూతో ఆగదు, ఉలూలా జలపాతం మీదుగా వాటర్‌ఫాల్ స్టేషన్ దాకా పోతుందట. మొత్తం పది కిలోమీటర్లు. వచ్చే శనివారం అక్కడ తేలాలంటున్నారు. ఆపై వారం తిరుగు టికెట్. అమ్మ నన్ను తిడుతోంది. ఎలా ఆపాలి?

కారంపొడి · ఆదివారం, మధ్యాహ్నం 3:14

ఆపకు. ఎండ 30 దాటకుంటే నేను గూడ వస్త. ఏ రైలు?

సోమరిపోతు · ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఆ స్టేషన్లో జలపాతం ఉండదని నాన్నగారికి ముందే చెప్పండి. నేను ఒకసారి దాన్ని నమ్మి దిగా.

గోదారి గట్టు · ఆదివారం, మధ్యాహ్నం 3:52

ఏడు గంటలకి సెంట్రల్లో ఎక్కండి. నేను హర్స్ట్‌విల్‌లో ఎక్కుతాను, వెనక నుంచి రెండో పెట్టె. సొరబుర్ర సంగతి ఇంకా తేలలేదు.